కడప కొండల్లో సముద్రం

కడప ఊళ్ళో పుట్టినవాళ్ళు రాయి మీద పుట్టి రాయి మీద పెరిగినట్టే. ఇంటి ముందు అరుగు కడప బండ. గడప దాటితే నడవలో పరిచినది కడప బండ. వంటింటి గట్టు, దొడ్లో బట్టలుతికే బండ, పొలం చుట్టూ నిలబెట్టిన పలకలు, అన్నీ అవే. ఎండాకాలం మధ్యాహ్నం నల్లటి బండ మీద నీళ్ళు చల్లి, తుడిచి, వెల్లకిలా పడుకుంటే చాపా పరుపూ దండగ అనిపిస్తుంది. ఈ బండ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, “యర్రగుంట్ల వైపు గనుల నుంచి” అని చప్పున చెబుతారు. గనిలోకి ఎలా వచ్చిందని అడిగితే మాత్రం చాలామంది నవ్వి ఊరుకుంటారు.

నేను చాలా ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పాను గనక ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఐతే, ఆ జవాబు ఏడు సముద్రాల అవతల ఉన్న ఒక జబ్బుకు మందు చూపిస్తుందని మాత్రం కిందటేడు జూన్ నెల దాకా అనుకోలేదు.

మా అక్కా బావలు అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో ఉంటారు. వాళ్ళ అబ్బాయికి పన్నెండేళ్ళు. బడికి సెలవులిచ్చారని అక్క వాణ్ణి వెంటబెట్టుకుని కడపకు వచ్చింది. రోహిణి కార్తె ఇంకా పోలేదు. రోళ్ళు పగిలే ఎండలు. ఐనా మా మేనల్లుడి మొహం వాడి ఉన్నది ఎండకు కాదు. వాడు ఎవరితోనూ సరిగా మాట్లాడడు. మా అమ్మ చేసిన రాగిసంగటి గిన్నెలోనే చల్లారిపోయేది. రోజూ సాయంత్రం ఆరు గంటలకు మాత్రం ఫోను పట్టుకుని, ఒక నోటు పుస్తకం తెరిచి, అందులో ఏవో అంకెలు వేసుకునేవాడు. అవి వేసుకున్నాక మొహం ఇంకా వాడిపోయేది.

“ఆ పుస్తకంలో ఏమున్నదిరా?” అని నాలుగో రోజున అడిగాను.

“నా పగడాలు చచ్చిపోతున్నాయి, మామా,” అన్నాడు వాడు.

వాళ్ళింట్లో మూడడుగుల పొడుగు గల అద్దాల తొట్టి ఉన్నది. శుద్ధి చేసిన నీళ్ళలో ప్రత్యేకమైన ఉప్పు కలిపి సముద్రపు నీళ్ళు తయారు చేసి, ఆ తొట్టిలో నింపారు. అందులో నారింజరంగు చారల చేపలు రెండు, గాలికి ఊగే పూలలాంటి మెత్తని పగడాలు కొన్ని, రాతి పగడాలు ఆరు ఉండేవి. ఆరింటిలో రెండు అప్పటికే చచ్చాయి. మిగిలిన నాలుగూ నీరసిస్తున్నాయి. “వీడు తిరిగి వెళ్ళేలోగా కారణం తెలియకపోతే, మిగిలినవాటిని తెలిసినవాళ్ళు ఎవరికైనా ఇచ్చేద్దాం. మన చేతుల్లో చావనివ్వడం దేనికి?” అన్నాడట మా బావ. అది కోపంతో అన్న మాట కాదు గనకనే పిల్లవాడికి మరింత బాధగా ఉన్నది.

పగడం అంటే ఉంగరంలో పొదిగే ఎర్రటి పూస అనే మనలో చాలామందికి తెలుసు. రాతి పగడం వేరు. అది చెట్టులా కొమ్మలు వేస్తుంది, కాని చెట్టు కాదు. రాయిలా గట్టిగా ఉంటుంది, కాని రాయీ కాదు. అది జంతువు. సన్నని వేళ్ళు చాచిన చిన్న చిన్న ప్రాణులు వందలు, వేలు ఒకచోట చేరి, నీళ్ళలోని సున్నాన్ని తీసుకుని, తమ కాళ్ళ కింద తామే రాతి మేడ కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురముంటుంది. ఆ నాచు ఎండతో ఆహారం తయారు చేసి, ఇంటి యజమానికి అద్దె చెల్లించినట్టు పగడానికి ఇస్తుంది. పగడానికి గల రంగు కూడా చాలావరకు ఆ నాచు చలవే. మన దేశంలో మన్నారు సింధుశాఖలోనూ, లక్షద్వీపాలలోనూ, అండమాన్, నికోబార్ దీవులలోనూ, కచ్ సింధుశాఖలోనూ పగడపు దిబ్బలున్నాయి. మన సముద్రాలలోని రాతి పగడాలను తీయటమూ, అమ్మటమూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మా మేనల్లుడి పగడాలు సముద్రం నుంచి తెచ్చినవి కావు. అక్కడ తొట్లలోనే పెంచి, అంటు కొమ్మల్లాగా ముక్కలు చేసి అమ్మినవి.

ఆ రాత్రి మిద్దె మీద మంచాలు వేసుకుని, లాంతరులాంటి చిన్న దీపం పెట్టుకుని, నేనూ వాడూ పుస్తకం తిరగేశాం.

“జబ్బు చేయగానే ఏం చేశావు?” అని అడిగాను.

“దీపాల వెలుతురు తగ్గించాను. నీళ్ళు కొంచెం చల్లబరిచాను. పగడాలను వేరే చోటికి జరిపాను. అన్నీ ఒక్క వారంలోనే చేశాను, మామా,” అన్నాడు వాడు.

“ఒకే పూట నాలుగు మందులు మింగినవాడికి ఏ మందు పనిచేసిందో, ఏది వికటించిందో ఎలా తెలుస్తుంది? ముందు వైద్యుడు అడిగినట్టు అడుగుదాం. జబ్బు ఎవరికి? ఏ రకంగా ఉన్నది? దానికి ముందు ఏం మారింది?” అన్నాను.

జబ్బు ఎవరికన్నది మొదటి ప్రశ్న. ఒక్క పగడమే నీరసిస్తే, దానికి వెలుతురో, నీటి వాలో సరిపోలేదనీ, లేదా పక్క పగడం రాత్రిపూట దాన్ని కుడుతున్నదనీ, పురుగు పట్టిందనీ అనుకోవాలి. చేపలు కూడా రొప్పుతుంటే గాలి చాలలేదనో, విషం కలిసిందనో అనుకోవాలి. ఇక్కడ చేపలు బాగున్నాయి. మెత్తని పగడాలు బాగున్నాయి. రాయి కట్టే ఆరింటికీ జబ్బు చేసింది. “ఇది గుర్తు పెట్టుకో,” అన్నాను.

జబ్బు ఏ రకంగా ఉన్నదన్నది రెండో ప్రశ్న. “తెల్లబడుతున్నాయి,” అన్నాడు వాడు. సముద్రాలు వేడెక్కి పగడాలు తెల్లబడుతున్నాయని వాడు బళ్ళో విన్నాడు. అది నిజమే. 1998లో ప్రపంచమంతటా అలా జరిగింది. 2024లో నాలుగోసారి ప్రపంచవ్యాప్తంగా జరుగుతున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వేడి ఎక్కువైతే పగడం తన ఒంట్లోని నాచును బయటికి వెళ్ళగొడుతుంది. అప్పుడు రంగు పోతుంది, కాని ఒంటి మీద చర్మం ఉంటుంది. గాజులాగా పారదర్శకమైన ఆ చర్మం గుండా కింది తెల్లరాయి కనిపిస్తుంది. వేళ్ళు ఇంకా కదులుతూనే ఉంటాయి. త్వరలో వేడి తగ్గితే అది బతకవచ్చు కూడా.

వాడి ఫోనులో బొమ్మలు పెద్దవి చేసి చూశాం. ఇక్కడ సంగతి అలా లేదు. కొమ్మల కొసలకు రంగు ఉన్నది, చర్మం ఉన్నది. మొదట్లోనే, పాదం దగ్గర, చర్మం వెనక్కు తగ్గి, ఉత్త రాయి బయటపడింది. ఆ రాయి మీద ఆకుపచ్చ పాచి కూడా పట్టింది. బతికి ఉన్న చర్మం మీద పాచి అలా పట్టదు. కనక ఇది రంగు పోవడం కాదు, చర్మమే పోవడం. పుస్తకంలో చూస్తే నీటి వేడి ఎప్పుడూ 25, 26 డిగ్రీలు దాటలేదు. అంచేత వేడి నేరస్థుడు కాదు.

మరునాడు మా బావ, మేం కోరినట్టుగా, అర్ధరాత్రి చేతిదీపం వేసి పగడాలను వెతికాడు. పగడాలను తినే చదును పురుగులు కొన్ని ఉన్నాయి. అవి పగటిపూట కనిపించకపోవచ్చు. ఒక చిన్న కొమ్మను వేరే గిన్నెలో ముంచి ఆడించి కూడా చూశాడు. గిన్నె అడుగున ఏమీ రాలలేదు. కనక పురుగూ కాదు. ఉప్పు పాలు సరిగానే ఉన్నది. చేపల మేత వల్ల పేరుకునే లవణాలు మితంగానే ఉన్నాయి.

ఇక మిగిలింది రాయి కట్టే సరుకు. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి కాల్షియం. రెండోది కార్బొనేటు పాలును తెలిపే క్షారత. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. క్షారతను పగడాలు పెంచేవాళ్ళు డిగ్రీలలో కొలుస్తారు. సముద్రంలో అది సుమారు 7 డిగ్రీలు. మావాడి పుస్తకంలో క్షారత ఒకనాడు 8, మరునాడు 6, ఆ మరునాడు మందు పోస్తే మళ్ళీ 8, తెల్లవారేసరికి 6. కాల్షియం 420 ఉండేది 350కి దిగింది.

“ఇంకేం! సరుకు చాలటం లేదు. రెట్టింపు పొయ్యమను,” అన్నాను నేను, పెద్ద వైద్యుడిలాగా.

మా బావ అలాగే పోశాడు. మరునాడు సాయంత్రం ఆరు గంటలకు అంకెలు రాలేదు, బొమ్మ వచ్చింది. తొట్టిలో నీళ్ళు పలచని మజ్జిగలాగా తెల్లబడి ఉన్నాయి. క్షారత 5కు పడిపోయింది. రెండు రోజుల్లో నాలుగు పగడాలలో ఒకటి మొదలంటా చర్మం వదిలేసింది. ఆ బొమ్మ చూసి పిల్లవాడు నన్నేమీ అనలేదు. నోరు మూసుకుని పుస్తకంలో ఆ పగడం పేరుకు ఎదురుగా గీత పెట్టాడు. నాకు అన్నం సహించలేదు. వాడు ఒక్క వారంలో మూడు మార్పులు చేశాడని నవ్వినవాణ్ణి, సరుకు ఎక్కడికి పోతున్నదో విచారించకుండానే మరింత సరుకు పొయ్యమన్నాను!

మా అమ్మ వాడి పక్కన కూచుని ఫోనులోకి తొంగిచూసింది. “ఆ తెల్లటి కర్ర ఏందిరా, అబ్బీ?” అన్నది.

“అది తెల్లటిది కాదు, అవ్వా. నీళ్ళు వెచ్చబెట్టే గాజు గొట్టం. దానికేదో తెల్లగా పట్టింది,” అన్నాడు వాడు.

“మన బోరు నీళ్ళు కాచే గిన్నెకు పట్టలేదూ? అట్లనే ఉండాది,” అన్నది మా అమ్మ.

నేను లేచి వంటింట్లోకి పోయి ఆ గిన్నె తెచ్చాను. దాని లోపల తెల్లటి పెచ్చు గట్టిగా పట్టి ఉన్నది. మా ప్రాంతంలో బోరు నీళ్ళు సున్నపురాయి పొరల గుండా ఊరి వస్తాయి గనక వాటిలో కరిగిన సున్నం జాస్తి. నీళ్ళు కాగితే ఆ సున్నం రాయిగా మారి గిన్నెకు పడుతుంది. తొట్టిలో జరుగుతున్నదీ అదే. మేం పోసిన సరుకు పగడానికి అందకముందే వెచ్చటి గొట్టం మీదా, పంపు మీదా రాయి అయిపోతున్నది. రెట్టింపు పోసేసరికి నీళ్ళలోనే పొడిగా రాలింది. దొంగ దొరికాడు. ఐతే, దొంగకు తలుపు తీసినదెవరు? సముద్రంలోనూ కాల్షియం ఉన్నది, కార్బొనేటూ ఉన్నది. సముద్రం ఇలా విరిగిన మజ్జిగ కాదే?

ఆ ప్రశ్నకు నాకు అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. పిల్లవాడికి కొంత మార్పుగా ఉంటుందని, “రేపు నీకు పాత సముద్రం చూపిస్తాను,” అన్నాను.

తెల్లవారుజామునే వేంపల్లె బస్సు ఎక్కాం. కడప దాటి పెండ్లిమర్రి మీదుగా పోతుంటే ఎర్రటి చేలు, వాటి మధ్య చీనీ తోటలు, అరటి తోటలు, దూరంగా పొరలు పొరలుగా పేర్చినట్టున్న కొండలు కనిపిస్తాయి. ఆ కొండలు ఒక పెద్ద పళ్ళెం అంచులు. కడప, కర్నూలు సీమలనూ, వాటి చుట్టుపక్కల ప్రాంతాన్నీ కలుపుకుని, నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర ఒకప్పుడు నేల కుంగింది. అందులోకి సముద్రం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఇసకో, బురదో, సున్నమో పొరలుగా పరిచింది. ఆ పొరలే నేటి కొండలు, నేటి బండలు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇక్కడి రాళ్ళన్నీ పరిశీలించి, 1872లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. అందుకే కడప పేరూ, వేంపల్లె పేరూ ప్రపంచంలో రాళ్ళను చదివే వాళ్ళందరికీ తెలుసు.

వేంపల్లెలో దిగి, దోసెలు తిని, గండి దారి పట్టాం. గండి దగ్గర పాపాఘ్ని నది కొండలను చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ దారిలో గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయనను అడిగాను.

“చుట్టలు చుట్టలుగా ఉండే రాళ్ళా? అదో, ఆ వంకలో ఉండాయి పోండి. ఎండెక్కకముందే తిరిగి రాండి, సామీ,” అన్నాడాయన.

ఎండిపోయిన వంకలోకి దిగాం. బూడిదరంగు రాతి పొరలు మెట్లలాగా ఉన్నాయి. ఒక పొర మీద పిల్లవాడు టక్కున ఆగిపోయాడు. రాయి నిండా ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు గుండ్రటి చక్రాలు, చక్రంలో చక్రాలు! పక్కకు పోయి గట్టు కోసుకుపోయిన చోట చూస్తే, అవే బోర్లించిన గిన్నెల దొంతర్లలాగా, ఒకదాని మీద ఒకటి వంపు తిరిగిన సన్నని పొరలుగా ఉన్నాయి.

“పగడాలు!” అని అరిచాడు వాడు. కడపకు వచ్చాక వాడి గొంతు అంత గట్టిగా వినటం అదే మొదలు.

“కావు,” అన్నాను. “ఇవి కట్టినవి పగడాల కంటే చాలా చిన్నవి, చాలా పాతవి. ఈ రాయి వయసు దాదాపు 190 కోట్ల సంవత్సరాలు. అప్పటికి భూమి మీద పగడం లేదు, చేప లేదు, ఆకు లేదు, అసలు జంతువన్నదే లేదు. నేటి రాతి పగడాల వంశం మొదలై సుమారు 24 కోట్ల సంవత్సరాలే అయింది.”

“మరి ఎవరు కట్టారు?”

“సూక్ష్మజీవులు. లోతులేని సముద్రం అడుగున జిగురు దుప్పటిలాగా పరుచుకునేవి. సయనోబాక్టీరియా అంటారు. ఎండ తీసుకుని బతికేవి. నీళ్ళలో తేలే సున్నపు నలకలు జిగురుకు అంటుకునేవి. నీళ్ళలోని సున్నం కూడా వాటి మీద గట్టిపడేది. వెలుతురు అందక, అవి ఆ పొర పైకి పాకి మళ్ళీ దుప్పటి పరిచేవి. దాని మీద ఇంకో పొర. అలా పొర మీద పొర. దీన్ని స్ట్రొమటోలైటు అంటారు. ఆస్ట్రేలియా పడమటి తీరాన షార్క్ అఖాతంలో ఇలాంటివి ఇప్పటికీ ప్రాణంతో ఉన్నాయి. సంవత్సరానికి అర మిల్లీమీటరు కూడా పెరగవు.”

వాడు ఒక చక్రం మీద వేలు పెట్టి, లోపలి నుంచి బయటికి పొరలు లెక్కపెట్టసాగాడు. డెబ్భై దాటాక లెక్క తప్పింది. నవ్వి, మళ్ళీ మొదలుపెట్టాడు.

“మనం పీల్చే ప్రాణవాయువు కూడా మొదట ఇలాంటివాళ్ళు వదిలిందే. వీళ్ళకు మనం రుణపడి ఉన్నాం,” అన్నాను.

నా సంచీలో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం గల చిన్న సీసా ఉన్నది. రాళ్ళను పరీక్షించే వాళ్ళందరూ దాన్ని దగ్గర ఉంచుకుంటారు. (పిల్లలు దాన్ని ముట్టరాదు. ఇంట్లో ఐతే నిమ్మరసం చాలు.) బయలుదేరే ముందు మా అరుగు బండను గీరి, దాని మీద ఒక చుక్క వేసి చూపించాను. బండ బుసబుస పొంగింది. అది సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేటు. కోడిగుడ్డు పెంకూ, గవ్వా, పగడపు ఎముకా అదే సరుకు.

ఇప్పుడు వంకలో విడిగా పడి ఉన్న ఒక చిన్న ముక్క తీసుకుని, దాని మీద చుక్క వేశాను. ఏమీ కాలేదు.

“ఇది సున్నపురాయి కాదా?” అన్నాడు వాడు.

“ఆగు,” అని, ఆ ముక్కను మరో రాతితో గీరి కొంచెం పొడి చేసి, పొడి మీద చుక్క వేశాను. ఈసారి సన్నగా, నిదానంగా బుడగలు వచ్చాయి.

“ఇది డోలమైటు. సున్నపురాయికి అన్నగారనుకో. ఇందులో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉన్నది. అందుకే ఆమ్లానికి చప్పున లొంగదు.”

“మెగ్నీషియం ఎక్కడి నుంచి వచ్చింది?”

“సముద్రపు నీళ్ళలో నుంచే. సముద్రంలో కాల్షియం కంటే మెగ్నీషియమే మూడు రెట్లు—”

ఆ మాట నోట్లో ఉండగానే ఆగిపోయాను. పిల్లవాడు కూడా నా మొహంలోకి చూశాడు. వాడు సంచీలో నుంచి నోటు పుస్తకం తీసి గబగబా పేజీలు తిప్పాడు. వేడి, ఉప్పు, క్షారత, కాల్షియం, ఇలా ఐదారు గళ్ళున్నాయి. మెగ్నీషియానికి గడి లేదు.

“నేను దాన్ని ఎన్నడూ కొలవలేదు, మామా,” అన్నాడు వాడు మెల్లిగా.

సముద్రం ఎందుకు మజ్జిగలాగా విరగదో అప్పుడు నాకు బోధపడింది. గోడ కట్టే మేస్త్రీని తలుచుకోండి. ఇటుకలన్నీ ఒకే కొలతవి ఐతే, వరస మీద వరస చకచకా లేస్తుంది. మధ్యలో వేరే కొలత ఇటుకలు వచ్చి పడుతుంటే వరస కుదరక పని ఆగిపోతుంది. నీళ్ళలో కాల్షియమూ కార్బొనేటూ చేరి రాయి కాబోతున్నప్పుడు, మెగ్నీషియం వచ్చి ఆ వరసలో ఇరుక్కుంటుంది. రాయి పెరగటం ఆగిపోతుంది. అంచేత సరుకు నీళ్ళలోనే కరిగి నిలుస్తుంది. పగడానికి ఆ బాధ లేదు. అది తన చర్మం కింద, చాటుగా, తన శక్తి ఖర్చుపెట్టి గోడ కట్టుకుంటుంది. దానికి కావలసిందల్లా సరుకు నీళ్ళలో నిలకడగా ఉండటమే. తొట్టిలో మెగ్నీషియం తగ్గితే కాపలాదారు పోయినట్టే. సరుకు దొరికిన చోటల్లా రాయి అయిపోతుంది.

“ఐతే అది ఎందుకు తగ్గింది?” అన్నాను. మా మూడో ప్రశ్న, ‘దానికి ముందు ఏం మారింది?’ అన్నది, అలాగే ఉండిపోయింది.

అక్కడే బండ మీద కూచుని పుస్తకం మొదటి నుంచీ చదివాం. పోయిన అక్టోబరు దాకా వాడు రెండు వారాలకొకసారి తొట్టిలో పదో వంతు నీళ్ళు తీసేసి, కొత్త ఉప్పునీళ్ళు పోసేవాడు. అక్టోబరులో రెండు సీసాలు కొన్నారు. ఒకటి కాల్షియం, ఒకటి క్షారత. “సీసాల్లో సరుకు ఉన్నదిగా, ఇక బకెట్లు మొయ్యటం దేనికి?” అని నీళ్ళు మార్చటం మానేశాడు. కొత్త ఉప్పుతో పాటు వచ్చే మెగ్నీషియం ఆనాటి నుంచి రావటం లేదు. ఉన్నదాన్ని అద్దాలకు పట్టే గులాబీరంగు రాతి నాచూ, పగడాలూ కొంచెం కొంచెంగా తీసుకుంటూనే ఉన్నాయి. జనవరిలో జబ్బు మొదలయింది. ‘ఏమీ మారలేదు’ అని వాడు నాతో అన్నది అబద్ధం కాదు. చేసిన పని గుర్తుంటుంది గాని, మానేసిన పని ఎవరికి గుర్తుంటుంది?

ఆ సాయంత్రం మా బావకు ఫోను చేశాం. ఆయన మెగ్నీషియం కొలిచే మందు కొనుక్కొచ్చి కొలిచాడు. లీటరుకు 1,300 మిల్లీగ్రాముల చుట్టూ ఉండవలసింది 1,050 ఉన్నది.

“ఇవాళే పోసెయ్యమను, నాయనా,” అన్నది మా అమ్మ ఆత్రంగా.

“వద్దు, అవ్వా. ఒకసారి పోసి ఒక పగడాన్ని చంపాం,” అన్నాడు మా మేనల్లుడు.

వాడే లెక్క వేసి చెప్పాడు. మెగ్నీషియం రోజుకు 50 చొప్పున ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ ఇంక దేన్నీ ముట్టరాదు. దీపాలు మార్చరాదు, పగడాలు జరపరాదు. ఆరో రోజు నుంచి క్షారతను రోజుకు అర డిగ్రీ మించకుండా పెంచాలి. వెచ్చటి గొట్టానికీ, పంపుకూ పట్టిన పెచ్చును బయటికి తీసి పులుసునీళ్ళతో కడగాలి. వారం వారం పదో వంతు నీళ్ళు మార్చాలి. రోజూ ఒకే వేళకు కొలవాలి. నేను ఒక్క మాట కూడా కలపలేదు.

తొమ్మిదో రోజున క్షారత 7. పదో రోజున 7. పదకొండో రోజున కూడా 7! ఆ అంకె రాసుకుని వాడు పుస్తకం మూసి, “అవ్వా, సంగటి ఉందా?” అన్నాడు. మా అమ్మ చేసిన సంగటి ముద్దలు రెండు తిని, చెనిక్కాయల ఊరుబిండి ఇంకొంచెం అడిగాడు.

మూడు పగడాలు మిగిలాయి. చచ్చినవి చచ్చినట్టే. వాటిలో మూడోది నా తొందరపాటు వల్ల పోయింది. ఆ సంగతి నేను వాడి పుస్తకంలో నా చేతితోనే రాశాను. ఎందుకంటే, తప్పు రాసిపెట్టని పుస్తకం తరవాత ఎవరికీ ఉపయోగపడదు.

వాళ్ళు తిరిగి వెళ్ళే ముందు మరొకసారి వేంపల్లె వెళ్ళి వచ్చాం. ఆ చక్రాల రాయి ముక్క ఒకటి వెంట తీసుకుపోతావా అని వాణ్ణి అడిగి చూశాను. వాడు తల అడ్డంగా ఊపి, వంకలోనే కూచుని దాన్ని పుస్తకంలో బొమ్మ వేసుకున్నాడు. 190 కోట్ల ఏళ్ళు ఉన్న చోట అది ఇంకొన్నాళ్ళు ఉంటుంది. ఇంకెవరైనా పిల్లలు వచ్చి పొరలు లెక్కపెట్టుకోవచ్చు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఫోనులో బొమ్మ వచ్చింది. మూడు పగడాలలో రెండింటికి కొమ్మల కొసలు తెల్లగా ఉన్నాయి. తెలుపు చూడగానే నా గుండె గతుక్కుమన్నది. తరవాత కింద రాసినది చదివాను: “భయపడకు, మామా. కొసన తెల్లగా ఉంటే కొత్త రాయి కడుతున్నదన్నమాట. పాదం దగ్గర పాచి పట్టిన రాతి మీదికి చర్మం మళ్ళీ పాకుతున్నది. మూడోదాని సంగతి ఇంకా చెప్పలేను. కొలుస్తున్నాను.”

నేను ఆ బొమ్మ చూస్తూ అరుగు మీద కూచున్నాను. కింద కడప బండ చల్లగా ఉన్నది.